కడుపులో చల్ల కదిలిన వేళ

ప్రజాస్వామ్యంలో ఏ పెద్ద పని తలపెట్టినా ముందు అక్కడి జనం ఏమంటారో అడగాలి. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, రిజర్వాయరు కట్టాలన్నా గ్రామసభ పెట్టాలి. కనీసం పెట్టినట్టు కాగితం మీద సంతకాలైనా ఉండాలి. అలాంటిది, మన రెండు రాష్ట్రాల్లోనూ రోజూ పొద్దున్నే ఐదున్నరకి ఒక భారీ కార్యక్రమం ఏ అనుమతీ లేకుండా మొదలైపోతోంది. పాతికేళ్ల కుర్రాడొకడు లేచి, పరగడుపున బ్లాక్ కాఫీ తాగి, సెల్లార్లోంచి బైకు తీసి, జిమ్‌కి వెళ్లి, కిందపడి లేచి, లేచి ఎగిరి, మళ్లీ కిందపడతాడు. దాన్ని బర్పీ అంటారట. ఈ సంగతి కండలకి తెలుసు, ఇన్‌స్టాగ్రామ్‌కి తెలుసు, ఫీజు కట్టించుకున్న ట్రైనర్‌కి తెలుసు. పేగుల్లో తరతరాలుగా కాపురముంటున్న వాళ్లకి మాత్రం ఒక్క నోటీసు ఇచ్చిన పాపాన పోలేదు. కడుపులో చల్ల కదలకుండా బతికిన జాతి మనది. ఇప్పుడు ఆ చల్లని రోజుకి గంటసేపు చిలుకుతున్నారు, అదీ నిర్వాసితుల గోడు వినకుండా.

ఆ వాళ్లెంతమంది అంటారా? 38 లక్షల కోట్లు. కంగారుపడకండి, ఇది ఏ ప్రభుత్వం చేసిన అప్పూ కాదు. డెబ్భై కిలోల మనిషి ఒంట్లో ఉండే బ్యాక్టీరియా ఇంచుమించు ఇంత అని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2016లో తేల్చారు. వాటిలో దాదాపు అన్నీ ఉండేది పెద్దపేగులోనే. 2024-25 కేంద్ర బడ్జెట్ మొత్తం 48 లక్షల కోట్ల రూపాయలు. అంటే ఒక్క కుర్రాడి కడుపులో ఉన్న వాళ్లకి తలా ఒక రూపాయి పంచితే, దేశం మొత్తానికి మిగిలేది పది లక్షల కోట్లు. ఇంత ఓటు బ్యాంకు ఉండి కూడా ఒక్క పార్టీ పట్టించుకోలేదంటే, వాళ్లందరి బరువూ కలిపి పావుకిలో కూడా లేకపోవడమే కారణం అయివుండాలి. మన దగ్గర బరువున్నవాళ్ల మాటే చెల్లుతుంది.

ఈ జనాభా చేసే పని చిన్నదేమీ కాదు. మనం అరిగించుకోలేక కిందికి వదిలేసిన పీచుని వాళ్లు పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం తయారుచేస్తారు. పెద్దపేగు గోడలోని కణాలకి ముఖ్యమైన తిండి అదే. జీతం లేదు, సెలవు లేదు.

మరి వ్యాయామం చేస్తే వీళ్లకి ఏమవుతుందన్నది ఇప్పుడు ప్రపంచమంతా తలబద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న. ఆ గోలకి ఊపు తెచ్చింది ఐర్లాండు. 2014లో అక్కడి పరిశోధకులు 40 మంది ప్రొఫెషనల్ రగ్బీ ఆటగాళ్ల మలాన్ని పరీక్షించారు. (పొద్దున్నే పేపరు చదువుతూ ఇడ్లీ తింటున్నవాళ్లు మన్నించాలి. ఈ శాస్త్రానికి వేరే ముడిసరుకు లేదు.) మామూలు మనుషుల కన్నా వాళ్ల పేగుల్లో ఎక్కువ రకాల బ్యాక్టీరియా కనబడింది. ఇంకేముంది, వ్యాయామం చేస్తే పేగులు బాగుపడతాయని లోకమంతా చాటింపు వేశారు. ఆ ఆటగాళ్లు తినే తిండి కూడా మామూలు మనుషుల తిండిలా లేదని, ప్రోటీన్ బాగా ఎక్కువని, కాబట్టి ఇందులో పరుగు గొప్పెంతో పళ్లెం గొప్పెంతో విడదీయడం కష్టమని అదే పరిశోధనలో ఉంది. చాటింపులో ఆ ముక్క వినబడలేదు. చాటింపు వేసేవాడికి గొంతే ముఖ్యం గాని ఫుట్‌నోట్ ఎందుకు?

2020లో న్యూజిలాండ్ వాళ్లు ఒక పరిశోధన ప్రచురించారు. నా దృష్టిలో దానికి తెలుగు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇవ్వాలి. 29 మంది మగవాళ్లని తీసుకున్నారు, కొందరు సన్నవాళ్లు, కొందరు కాస్త లావు. మూడు వారాల్లో తొమ్మిది రోజులు సైకిల్ ఎక్కించి, నిమిషం ప్రాణం పోయేలా తొక్కు, కాస్త ఆగు, మళ్లీ తొక్కు అన్నారు. మన జిమ్ కుర్రాళ్లు గొప్పగా చెప్పుకునే హిట్ వ్యాయామం ఇదే. మూడు వారాలయ్యాక పేగుల్లోకి తొంగిచూస్తే, మొత్తం మీద ఏ మార్పూ లేదు. ఏ రకాలు ఎన్ని ఉండేవో ఇంచుమించు అన్నీ అలాగే ఉన్నాయి. పైన అంత భూకంపం వస్తుంటే లోపలివాళ్లు లుంగీ సర్దుకుని పడుకున్నారన్నమాట.

గమనించారా, మూడు వారాలు! జనవరి ఒకటిన జిమ్‌లో చేరినవాడు సరిగ్గా ఎన్నాళ్లు వెళతాడో అంతే. సంక్రాంతికి ఊరెళ్లి, అరిసెలు తిని, తిరిగొచ్చి, ఇంకో నాలుగు రోజులు వెళ్లి మానేస్తాడు. ఆంధ్రులు ఆరంభశూరులని ఎప్పటినుంచో మనమీద ఒక నింద ఉంది. ఆరంభశూరత్వాన్ని పేగుల దాకా కొలిచి, ఫలితం సున్నా అని లోకానికి చూపించినవాళ్లు మాత్రం న్యూజిలాండ్ వాళ్లు. మనవాడు ఎవడైనా చేసివుంటే కనీసం ఒక సన్మానసభ జరిగేది.

నిజం చెప్పాలంటే, మూడు వారాలకి లొంగనివాళ్లు ఆరు వారాలకి కాస్త మెత్తబడతారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు అంతకు ముందే, 2018లో, ఈ సంగతి చూపించారు. అప్పటిదాకా కుర్చీలకి అంటుకుపోయిన 32 మందిని లేపి, వారానికి మూడు రోజులు, అరగంటతో మొదలుపెట్టి గంట దాకా, ఆరు వారాలు పరుగెత్తించారు, సైకిల్ తొక్కించారు. తిండి మాత్రం మార్చనివ్వలేదు. అప్పుడు బ్యూటిరేట్ లాంటివి తయారుచేసే బ్యాక్టీరియా పెరిగింది, ఆ సరుకూ పెరిగింది. కాకపోతే ఆ లాభం ముఖ్యంగా సన్నవాళ్లకే దక్కింది, స్థూలకాయులకి అంతగా రాలేదు. ఉన్నవాడికే ఇంకొంచెం పెట్టడం ప్రభుత్వ పథకాలకే పరిమితమనుకున్నాం, పేగుల్లోనూ అదే పాలన అని తెలిసింది.

అసలు కథ ఆ తర్వాత ఉంది. ఆరు వారాలయ్యాక అందరినీ, ఇక మీ కుర్చీల్లోకి మీరు పొండి అని పంపేశారు. ఇంకో ఆరు వారాలకి చూస్తే, వచ్చిన మార్పులు చాలామటుకు వెనక్కి వెళ్లిపోయాయి. పాత జ్ఞాపకం, కృతజ్ఞత, ఏమీ లేవు. "ఒకప్పుడు నేను రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ని తెలుసా" అని పెళ్లిళ్లలో పప్పు వడ్డించుకుంటూ చెప్పే బాబాయిలందరూ ఉన్నారే, వాళ్ల మాట మనం నమ్ముతాం. వాళ్ల పేగులు నమ్మవు.

ఈ ప్రభావిత ప్రాంతానికి వేరే అన్యాయం కూడా జరుగుతోంది, అది పళ్లెం దగ్గర. కూకట్‌పల్లిలో నాకు తెలిసిన ఇంట్లో ఒక కుర్రాడున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకి జీతంలో ఒక ముక్క ప్రోటీన్ పొడి డబ్బాల మీద పోతుంది. అవి ఎంత పెద్ద డబ్బాలంటే, ఖాళీ అయినవాటిలో వాళ్లమ్మ మినప్పప్పు, కందిపప్పు పోసుకుంటుంది. పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకబెడతాడు. పచ్చసొనలు తీసి కుక్కకి వేస్తాడు, కుక్క నిగనిగలాడుతోంది. షేకర్‌లో పొడి వేసి నీళ్లు పోసి ఊపుతుంటే లోపలి స్ప్రింగు బంతి గలగలమని ఇల్లంతా లేపుతుంది. కడగడం మరిచిపోయిన రోజున ఆ మూత తీస్తే కుక్క కూడా దగ్గరికి రాదు.

"ఒరేయ్, గోరుచిక్కుడు కూర చేశాను, రెండు ముద్దలు తినిపోరా నాన్నా."

"కార్బ్స్ అమ్మా."

"కూరలో ఏం కార్బ్స్‌రా?"

"కూరలో కాదు, దాంతో అన్నం తింటాం కదా."

ఈ తర్కానికి ఆవిడ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. గోరుచిక్కుడు, తోటకూర, జొన్నరొట్టె, పొట్టుతో ఉన్న పెసలు, లోపలివాళ్లకి బియ్యం కార్డు మీద రావలసిన సరుకులన్నీ ఇవే. అవి ఆగిపోయాయి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది పరిస్థితి. పీచు అందనప్పుడు వాళ్లేం చేస్తారు? చిన్నపేగు దాటి కిందికి జారిన ప్రోటీన్ మీద పడతారు. దాంతో తయారయ్యేవి అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ కుర్రాడితో పాటు లిఫ్టులో ఐదో అంతస్తు దాకా ప్రయాణం చేసినవాళ్లకి ఈ రసాయనశాస్త్రం నేను విడిగా వివరించనక్కర్లేదు.

పోనీ ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని స్పష్టంగా రాసింది. కూకట్‌పల్లి నుంచి తార్నాకకి మెట్రోలోనే వెళ్లొచ్చు. పొడి మాత్రం ఏడు సముద్రాలు దాటి వచ్చింది కాబట్టి దాని మాటకే విలువ ఎక్కువ.

"అయితే నేను ఇంకా గట్టిగా చేస్తా" అంటాడు కుర్రాడు. గట్టిగా చేసినవాళ్ల సంగతీ చూద్దాం. నార్వే సైనికులు 73 మంది మంచులో స్కీల మీద నాలుగు రోజుల్లో 51 కిలోమీటర్లు నడిచారు. ఖర్చయిన శక్తిలో తిండి ద్వారా వచ్చింది తక్కువ. తిరిగొచ్చాక చూస్తే పేగు గోడ బిగువు సడలింది, లోపలి నుంచి రక్తంలోకి జారిపోయేవి సగటున 62 శాతం పెరిగాయి. బ్యాక్టీరియా రకాలు పెరిగాయి కూడా! అయితే పెరిగినవాటిలో పనికిమాలినవి, అపకారం చెయ్యగలిగినవి ఉన్నాయి. రకాలు పెరగడమే ఆరోగ్యమని ఐర్లాండ్ పేరు చెప్పి చాటింపు వేసినవాళ్లు ఈ ఊరికి రాలేదు. శరీరం లెక్క చాలా సూటిది. ఒళ్లు విరుచుకుని పరుగెత్తేటప్పుడు రక్తమంతా కాళ్లకీ గుండెకీ చర్మానికీ పోతుంది, పేగులకి కోత పడుతుంది. ఎండాకాలం మారథాన్‌లో పరుగెత్తినవాళ్లకి పదిహేనో కిలోమీటరు దగ్గర హఠాత్తుగా ఆత్మజ్ఞానం కలిగి, దారిలో ఉన్న ప్రతి పెట్రోలు బంకునీ ఆశగా చూడటం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. పతకంతో ఫొటో దిగినప్పుడు ఆ సంగతి చెప్పరు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

పరుగు వల్ల మేలు జరిగిన బ్యాక్టీరియా లేవా? ఉన్నాయి. 2015 బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తినవాళ్లని ముందూ తర్వాతా పరీక్షిస్తే, వెయిలొనెల్లా అనే రకం పరుగు తర్వాత పెరిగింది. కండరాల్లోంచి వచ్చే లాక్టేట్ దాని ప్రియమైన భోజనం, దాన్ని తిని ప్రొపియొనేట్ అనే పదార్థం చేస్తుంది. ఒక మారథాన్ వీరుడి కడుపులోంచి తీసిన ఆ రకాన్ని ఎలుకలకి పెడితే అవి 13 శాతం ఎక్కువసేపు పరుగెత్తాయి. 2019లో ఇది బయటికి వచ్చింది. ఆ పరిశోధకుల్లో కొందరు కంపెనీ కూడా పెట్టారు. ఎలుకలకి ఇప్పటిదాకా వాటా ఇచ్చినట్టు లేదు. మన అమీర్‌పేటలో "ఒరిజినల్ ఛాంపియన్ బ్యాక్టీరియా, మూడు డబ్బాలు కొంటే షేకర్ ఫ్రీ" అని బోర్డు పడే రోజు దగ్గర్లోనే ఉంది. కొనేవాడు, అది ఎవరి కడుపులోంచి ఏ దారిన వచ్చిందని మాత్రం అడక్కూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఎలుకల కబురు. కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే పదార్థాలు పేగుల్లోని నరాలని తట్టి, అటునుంచి మెదడులో డోపమైన్ అనే హుషారు రసాయనం పెరిగేలా చేసి, పరుగంటే ఇష్టం పుట్టిస్తాయట. యాంటీబయాటిక్స్‌తో ఆ బ్యాక్టీరియాని చంపేస్తే ఎలుకలు పెద్దగా పరుగెత్తలేదు. ఎలుకల్లో చూసినదాన్ని మనుషులకి అంటగట్టకూడదని శాస్త్రజ్ఞులు అంటారు. బద్ధకస్తులకి అంత పట్టింపు ఉండదు. తాతల కాలం నుంచీ సోమరితనం అని తిట్లు తింటున్న ఒక వర్గానికి ఇన్నాళ్లకి నేచర్ పత్రిక సాక్షిగా న్యాయం దొరికింది. నేను ఈ సంగతి ఆ కూకట్‌పల్లి కుర్రాడికి చెప్పాను. నాలుగు రోజులుగా వెళ్లడం మానేసినవాడు, ట్రైనర్ నుంచి ఫోన్ రాగానే స్పీకర్ పెట్టి, చాలా గంభీరంగా చెప్పాడు:

"నాకు రావాలనే ఉందన్నా. లోపలి బ్యాక్టీరియాకే మూడ్ లేదంట."

"అయితే వాళ్లని ఇంట్లోనే ఉండమని చెప్పి నువ్వొక్కడివే రా బ్రో. ఈరోజు లెగ్ డే."