అనంతపురంలో మోటారు సైకిలుకు శీతనిద్ర

కెనడా, నార్వే వంటి దేశాల్లో చలికాలం మొదలయ్యే ముందే మోటారు సైకిలును కడిగి, తుడిచి, ఆయిల్ మార్చి, గుడ్డ కప్పి షెడ్డులో పడుకోబెడతారు. మళ్లీ వసంతం వచ్చాకే లేపుతారు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లు దాటినా అనంతపురంలో ఒక్క బండి కూడా ఇలా శాస్త్రోక్తంగా నిద్రపోయిన దాఖలా లేదు. వాన తక్కువ విషయంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత మనమేనని దశాబ్దాలుగా చెప్పుకుంటున్నాం. చలి విషయంలో మాత్రం ఎలాంటి గుర్తింపు కోసమూ ప్రయత్నించలేదు.

మనకు అంత చలి ఎక్కడిది అని కొందరు అడ్డు తగులుతారు. డిసెంబరు తెల్లవారుజామున గడియార స్తంభం దగ్గర టీ కొట్టు ముందు నిలబడి చూడండి. ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగితే చాలు, మంకీ క్యాపులో నుంచి కళ్లు, గ్లాసు పట్టేంత నోరు తప్ప మనిషిలో మరేమీ కనబడదు. యజమానికి ఇంత చలి ఉన్నప్పుడు బండికి లేదనడం న్యాయం కాదు. ఆ దేశాల వాళ్ల భయం మంచు ఒక్కటే కాదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది చైనును, సైలెన్సరును తినేస్తుంది. మన రోడ్ల మీద ఉప్పు చల్లరు. నిజానికి తారు చల్లడమే అరుదు.

ఇక ఏర్పాట్లు. దాచే ముందు ట్యాంకు నిండా పెట్రోలు పోయించాలి. ఖాళీ ఉంటే లోపలి గాలిలోని తేమ నీరుగా మారి ట్యాంకు తుప్పు పడుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. రసాయన శాస్త్రం ఇంతవరకే చెబుతుంది. నిండు ట్యాంకుతో ఒక బండి ఊరికే నిలబడి ఉందన్న వార్త మన వీధుల్లో ఎంత వేగంగా పాకుతుందో ఏ శాస్త్రమూ లెక్కగట్టలేదు. నిరుడు పెళ్లికి పిలిచినా రాని బావమరిది ఆ సాయంత్రమే వస్తాడు. మంచినీళ్లు తాగుతాడు, అందరి ఆరోగ్యం అడుగుతాడు, లేచేటప్పుడు గుర్తొచ్చినట్టు, "బావా, బండి ఊరికే ఉంది కదా, ధర్మవరం దాకా వెళ్లి చీరలు చూసి వస్తాం" అంటాడు. ఊరికే ఉన్న వస్తువు ఉమ్మడి ఆస్తి అని మన రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. రాయవలసిన అవసరం రాలేదు.

పాత బండ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడపాలి. లేకపోతే పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఆరి, జిగురై, జెట్లనే సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు, ఆ బాధా లేదు. పాత బండి వాళ్లు కూడా ఈ విద్య ప్రత్యేకంగా నేర్చుకోనక్కరలేదు. బంధువు తిరిగి ఇచ్చే ప్రతి బండీ చుక్క లేకుండా ఎండిపోయే వస్తుంది.

బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టాలని, అప్పుడప్పుడు చార్జి చేయాలని నిపుణులు చెబుతారు. చార్జి పోయిన బ్యాటరీ సున్నాకు కాస్త కిందికి పోతేనే గడ్డకడుతుంది, నిండా చార్జి ఉన్నది మైనస్ 50లో కూడా నిలబడుతుంది. అనంతపురంలో గడ్డకట్టే ప్రమాదం లేదు. విప్పిన బ్యాటరీ కనబడటమే ప్రమాదం. అది 12 వోల్టులదని పల్లె నుంచి వచ్చిన చిన్నాన్న చూసిన క్షణంలోనే గ్రహిస్తాడు. మందు కొట్టే స్ప్రేయరుకూ సరిగ్గా అంతే కావాలి. రబీ వేరుశనగలో ఆకుమచ్చ తెగులు తగ్గింది కాబట్టి బ్యాటరీ వృథా పోయిందని ఎవరూ అనలేరు.

కప్పడానికి గాలి ఆడే గుడ్డే వాడాలి. ప్లాస్టిక్ పట్ట కప్పితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది. ఈ సలహాను మన వాళ్లు తు.చ. తప్పక పాటిస్తారు, ఎందుకంటే బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే ఇంట్లో ఉన్న పట్టలన్నీ కాయల కుప్పల మీదికి పోతాయి. గుడ్డ కూడా పోతుంది. ఆ కాయలు మూటలై మళ్లీ మెట్ల కింద, బండి పక్కకే చేరతాయి. వాటి వెంట ఎలుకలు. సైలెన్సరు మూతిలో పాత గుడ్డ కుక్కమని పుస్తకాలు చెప్పేది ఇందుకే. కానీ ఎలుకకు ఎయిర్ ఫిల్టరు డబ్బా అంటే ఇంకా ఇష్టం. మెత్తగా, చీకటిగా, అద్దె లేకుండా ఉంటుంది. పక్కనే ఏడాది గ్రాసం. సాయంత్రం పూట నమలడానికి వైర్లు. నగరంలో ఇంతకంటే మంచి ఇల్లు ఏ బిల్డరూ కట్టలేదు.

ఆయిల్ మార్చడం, టైర్లకు భారం పడకుండా సెంటర్ స్టాండు వేయడం వంటివి చిన్న పనులు. అసలు చిక్కు ఇంటి పెద్దాయనతో వస్తుంది. నిద్రపోతున్న ఇంజనును మధ్యలో అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం మంచిది కాదు. సరిగా వేడెక్కకముందే ఆపితే సైలెన్సరులో, ఆయిల్‌లో నీరు చేరుతుంది. ఈ మాట ఆయనతో చెప్పగలిగిన కొడుకు రాయలసీమలో ఇంకా పుట్టలేదు. ఉదయం ఆరింటికి లుంగీ ఎగగట్టి, కిక్కు మీద కాలు పెట్టి, వీధి వీధంతా లేచేదాకా తొక్కుతారు. "కదిలించకపోతే ఇంజను పట్టేస్తుంది" అంటారు. తర్వాత ఆపి, ఎంతో సాధించిన వాడిలా పేపరు అందుకుంటారు, అదీ స్టాండు వేసిన బండి సీటు మీదే కూర్చుని.

ముహూర్తం సంగతి కూడా తేల్చాలి. కార్తీకంలో గుళ్లు, మార్గశిరంలో పెళ్లిళ్లు, బండికి ఊపిరాడదు. పంచాంగం చూస్తే ధనుర్మాసం ఒక్కటే ఖాళీ. డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా పెళ్లిళ్లు ఉండవు కాబట్టి బండి అడిగే అవసరం ఎవరికీ రాకూడదు. కానీ ఆ నెలంతా తెల్లవారకముందే గుళ్లో పూజ, తర్వాత వేడి పొంగలి. అత్తగారిని చలిలో నడిపించి తీసుకెళ్లమని చెప్పగల అల్లుడు ముందు తన శీతనిద్రకు వేరే చోటు చూసుకోవాలి. భోగి వచ్చాక చెప్పేదేముంది, ఊళ్లో అల్లుళ్లందరికీ బండి కావాలి.

నడి వేసవిలో, ఎండ 42 దాటినప్పుడు దాచుకోవచ్చు కదా అని అడిగేవారున్నారు. ఆ రోజుల్లో దాచవలసింది మనిషిని. అది వేరే శాఖ చూడవలసిన పని.

ఇన్ని జాగ్రత్తలకూ కేంద్రం తాళం చెవి. బీరువాలో పెడితే అమ్మ ఇస్తుంది, బియ్యం డబ్బాలో పెడితే పిల్లలు చెబుతారు. అనుభవజ్ఞులు కనిపెట్టిన చివరి అస్త్రం ఒకటే: బండికి ఇన్సూరెన్సు అయిపోయింది, సప్తగిరి సర్కిల్ దగ్గర పోలీసులు ఆపుతున్నారు అని ముఖం గంభీరంగా పెట్టి చెప్పడం. దానికీ సమాధానం సిద్ధంగా ఉంది.

"పరవాలేదు బావా, సందుల్లోంచి వెళ్తాను. పెట్రోలుకు ఒక వంద ఉంటే ఇవ్వు."