శరదృతువు వంటలపై శ్వేతపత్రం

శరదృతువు విషయంలో తెలుగువాళ్ళు ఇన్నాళ్ళూ చూపిన నిర్లక్ష్యం మీద ఎవరో ఒకరు నోరు విప్పక తప్పదు. ఆశ్వయుజం, కార్తీకం రెండూ మన నెలలే. వాటిని వెన్నెలకీ, దసరా సెలవులకీ, ఉపవాసాలకీ, బంగాళాఖాతంలో వాయుగుండాలకీ వాడేసుకున్నాం తప్ప, ఆ రుతువులో ఏం వండుకు తినాలో ఒక విధానమంటూ పెట్టుకోలేదు. ఇంగ్లండులో, అమెరికాలో అలా కాదు. సెప్టెంబరు వచ్చేసరికి పియర్ పళ్ళు కోతకొస్తాయి, ఆ వెనకే ఆకులు ఎర్రబడతాయి, జనం స్వెట్టర్లు తొడుక్కుని ఓవెన్ ముందు నిలబడతారు. దాల్చినచెక్క, తేనె, వాల్‌నట్ వేసి కాల్చిన పియర్ ఫొటో మన ఫోన్లలోకి దిగేది అప్పుడే. మనం కిటికీలోంచి బయటికి చూస్తాం. ఆకులన్నీ పచ్చగానే ఉంటాయి. నిన్న ఆరేసిన బట్టలు ఇంకా తడిగానే ఉంటాయి.

అయినా వెనక్కి తగ్గకూడదు. దసరాకి గారెలు, బొబ్బట్లు, పులిహోర, చక్రపొంగలి వరసపెట్టి లోపలికి పంపించాక, దీపావళి స్వీటు పెట్టెలు తలుపు తట్టేదాకా మధ్యలో దొరికేవి సరిగ్గా ఇరవై రోజులు. ఆరోగ్యంగా తినడానికి పంచాంగం మనకిచ్చిన గడువు అంతే. ఆ తర్వాత కార్తీకం, వనభోజనాలు, అక్కడ ఉసిరిచెట్టు కింద ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే.

ఓవెన్ లేదన్న సాకు చెల్లదు. మధ్యతరగతి ఇళ్ళలో చాలావాటికి ఓవెన్ ఉంది. అందులో దోసెల పెనం, అప్పడాల డబ్బా, ఎప్పుడో వచ్చిన కేకు తాలూకు అట్టపెట్టె ఉన్నాయి. ముందు వాటికి పునరావాసం చూపించాలి.

ఇక పియర్. సూపర్‌మార్కెట్లో దీనికి జరిగే మర్యాద చూడాలి. తెల్లటి ఫోమ్ వల తొడిగి, స్టిక్కరు అంటించి, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఏసీలో కూర్చోబెడతారు. దీని స్వభావం కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. చెట్టు మీద పండనిస్తే లోపల పిండిపిండిగా తయారవుతుంది కనుక గట్టిగా ఉండగానే కోస్తారు. కోశాక పండుతుంది, అదీ లోపల్నించి బయటికి. కాబట్టి పొట్ట నొక్కి చూసి లాభం లేదు. తొడిమ పక్కన మెడ నొక్కాలి. అక్కడ కాస్త మెత్తబడితే అదే ముహూర్తం. పొట్ట మెత్తబడేదాకా ఆగితే గింజల చుట్టూ గోధుమరంగు తిరిగిపోతుంది.

మన ఇళ్ళలో ఇంత సూక్ష్మం కుదరదు. కొన్న రోజే “ఎవరైనా వస్తే కోద్దాం” అని ఫ్రిజ్‌లో పెట్టేస్తాం. చలికి అది పండడం మరీ నెమ్మదిస్తుంది. ఎవరూ రారు. వచ్చినవాళ్ళు షుగర్ ఉందంటారు. చివరికి వల తీయకుండానే పనమ్మాయి చేతిలో పెడితే, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి “జాంకాయలేం లేవా అమ్మా” అంటుంది.

ఆవిడకి జవాబు చెప్పడం శాస్త్రపరంగా కొంచెం ఇబ్బందే. పియర్ కొరికినప్పుడు పంటికింద ఇసకలా తగిలేవి రాతికణాలు. జాంపండులో తగిలేవీ అవే. పీచు కోసమే పియర్ తింటున్నామంటే, వంద గ్రాముల పియర్‌లో సుమారు 3 గ్రాములుంది, జామలో 5 గ్రాములు దాటుతుంది. సి విటమిన్ సంగతి అసలు ఎత్తకపోవడం మంచిది. పియర్‌లో 4 మిల్లీగ్రాములుంటే జామలో 200 పైమాటే. అయితే జామ చేసిన నేరం చిన్నది కాదు. పక్కింటి గోడ మీంచి చేతికందుతుంది. బండిమీదవాడు నాలుగు చెక్కలు చేసి ఉప్పూకారం జల్లి కాగితంలో పెట్టిస్తాడు. వలా స్టిక్కరూ లేని పండు మన ఒంటికి ఏం మేలు చేస్తుంది?

అనాస కథ ఇంతకన్నా ఘనమైనది. దక్షిణ అమెరికాలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. ఇక్కడి ఎండకీ వానకీ హాయిగా పండింది కనుక మనం దాన్ని పెద్దగా లెక్కచేయలేదు. ఇంగ్లండువాళ్ళు లెక్కచేశారు. 18వ శతాబ్దంలో అక్కడ ఒక పైనాపిల్ పండించాలంటే అద్దాల గదులు కట్టి, వేడి తగ్గకుండా కాపలా కాస్తూ, రెండు మూడేళ్ళు ఆగాలి. అంత ఖరీదైన పండుని కోసుకు తినడం ఎవరికో గానీ చెల్లేది కాదు. మిగతావాళ్ళు విందు రోజున అద్దెకి తెచ్చి, బల్ల మధ్యలో నిలబెట్టి, అతిథులు చూశాక తిరిగి ఇచ్చేసేవాళ్ళు.

మనం ఆ సంప్రదాయాన్ని అద్దె ఖర్చు లేకుండా నిలబెట్టాం. పండగలకీ కొత్త సంవత్సరానికీ పెద్దమనుషుల ఇళ్ళకి వెళ్ళే పళ్ళబుట్టని దగ్గర్నించి చూడండి. అడుగున కత్తిరించిన రంగుకాగితం, దాని మీద నారింజలు, యాపిల్స్, కనిపించేలా రెండు పియర్లు, అంతా కలిపి జిలుగు కాగితంతో బిగించి రిబ్బను. మధ్యలోంచి కాగితాన్ని చీల్చుకుని అనాస పిలక పైకి లేస్తుంది. ఆ పిలక లేకపోతే బుట్టకి గౌరవం లేదు. బుట్ట ఇంజనీరుగారింటి నుంచి కాంట్రాక్టరు బావమరిది గృహప్రవేశానికీ, అక్కణ్ణించి ఆస్పత్రిలో ఉన్న ఎవరి పరామర్శకో వెళుతుంది. రిబ్బను ఒక్కటే మారుతుంది. అనాస మాత్రం చెట్టు నుంచి కోశాక తీపెక్కే పండు కాదు. ప్రయాణం ఎంత సాగినా దానికి ఒరిగేదేమీ లేదు, అడుగున తడి చేరడం తప్ప. మార్నింగ్ వాక్ చేసినంత పుణ్యం ఆ పండుకీ దక్కుతుందేమో, తెలీదు.

తినే సందర్భాలు లేవని కాదు. పెళ్ళిభోజనంలో పైనాపిల్ కేసరి ఉంది. కప్పు రవ్వకి రెండు కప్పుల పంచదార, చేతికి అడ్డులేనంత నెయ్యి, జీడిపప్పు, గరిట నిలబడేలా దగ్గరపడ్డాక పసుపుపచ్చ రంగు, నాలుగు చుక్కల ఎసెన్సు. పండు ముక్కలు వేస్తారా అంటే వేస్తారు, వడ్డించేవాడి అదృష్టాన్ని బట్టి విస్తట్లో పడతాయి. ఈ పదార్థాన్ని పళ్ళ కోటాలో లెక్కేసుకునేవాళ్ళు నాకు బాగా తెలుసు, చుట్టాలు కూడాను. ఉడికించని అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. మాంసకృత్తుల్ని విరగ్గొట్టడం దాని పని, ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది అందుకే. జెలటిన్ జెల్లీలో తాజా ముక్కలు వేస్తే గడ్డకట్టదు. డబ్బా ముక్కలు వేస్తే కడుతుంది, డబ్బాలో పెట్టేటప్పుడు వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది కనుక. కేసరి బాణలిలో దాని గతేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

జ్యూసు గురించి ఒక్క ముక్క. పీచు జల్లెడలో, పంచదార గ్లాసులో.

ఇప్పుడు అసలు అడ్డంకికి వద్దాం. పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల మీద సవరలు, జాతాపులు అనాస పండిస్తారు. వాళ్ళు ఈ పండుని వానాకాలం మొదట్లో, జూన్, జూలైల్లో దించుతారు. కావిడి భుజాన వేసుకుని కొండ దిగి సంతకి తెస్తారు. ఒకేసారి అందరి పంటా వచ్చి పడుతుంది, ఆగితే మగ్గిపోతుంది. లారీతో వచ్చిన వ్యాపారికి ఈ సంగతి బాగా తెలుసు. వాడు నింపాదిగా బీడీ కాల్చుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంటాడు. పొద్దువాలాక ఆ కావిడి మళ్ళీ కొండెక్కించే ఓపిక ఎవరికుంటుంది? వాడన్న రేటుకి ఇచ్చేసి, ఉప్పూ చింతపండూ కొనుక్కుని పోతారు. మరి మనకి పండు కావలసింది అక్టోబరులో, ఓవెన్లు వేడెక్కి ఆకులు ఎర్రబడే రుతువులో. సవర రైతు ఆషాఢంలో పండిస్తే శరదృతువు ఆరోగ్య వంటలు ఎలా ముందుకు సాగుతాయి? అందుకే సీజన్ కాని సీజన్లో చక్కెరపాకంలో మునిగిన డబ్బా ముక్కలు కొని ఆ లోటు పూడుస్తున్నాం. కొండమీదివాళ్ళకి క్యాలెండరు జ్ఞానం కలిగించే పథకం ఒకటి ఎవరైనా ప్రారంభిస్తే, ప్రారంభోత్సవానికి బుట్ట నేను తెస్తాను.

ఈలోగా చిల్లర వంటగాళ్ళు కొందరు ఉద్యమాన్ని పక్కదారి పట్టిస్తున్నారు. కందికట్టులో అనాస ముక్కలు చిదిమి, మిరియాలు, జీలకర్ర దంచి వేసి చారు కాస్తున్నారు. ముసురు పట్టిన రోజున అన్నంలో కలుపుకుంటే రెండోసారి వడ్డించమని అడగాలనిపిస్తుంది. పండని పియర్‌ని దోసకాయలా సన్నగా తరిగి, పెరుగులో ఆవపిండి, పచ్చిమిర్చి కలిపి, ఇంగువ తాలింపు పెట్టేవాళ్ళూ ఉన్నారు. బాగుంటుంది, నిజానికి చాలా బాగుంటుంది. కానీ ఫొటోలో అది మామూలు పెరుగుపచ్చడిలాగే కనిపిస్తుంది. దాని పక్కన దాల్చినచెక్క నిలబెట్టినా లాభం లేదు.

అన్నిటికన్నా పెద్ద ముప్పు సీతాఫలం. సరిగ్గా ఈ దసరా రోజుల్లోనే పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు నుంచి, బాలానగర్ రకమని పేరు చెప్పుకుని, బుట్టలకి బుట్టలు హైదరాబాద్ రోడ్ల పక్కన దిగుతాయి. వలా లేదు, స్టిక్కరూ లేదు. ముక్కలుగా కోసి పళ్ళెంలో అమర్చడానికి వీలుకాదు, ఓవెన్లో పెట్టే ఆలోచన ఎవరికీ రాదు. మధ్యకి విప్పి వేలితో తినాలి, తింటున్నంతసేపూ ఫోను ముట్టుకోవడం కుదరదు. శరదృతువులో పండే పండు ఇంత బాహాటంగా దొరుకుతుంటే పియర్ మెడ నొక్కి చూసే ఓపిక జనానికి ఎక్కణ్ణించి వస్తుంది? దీని మీద తగిన నిర్ణయం వెలువడేదాకా, తినకుండా ఉండలేనివాళ్ళు రాత్రిపూట, వంటింట్లో లైటు తీసేసి తినాలి. తొక్కలు మొక్కల కుండీలో పూడ్చాలి. గింజలు మాత్రం పేపర్లో చుట్టి, ఫ్రిజ్‌లో పియర్లు ఎవరింట్లో ఉన్నాయో చూసి, వాళ్ళ చెత్తబుట్టలో వెయ్యాలి.