పంటు మీద వీడియో కాల్

ఇంటర్ చదివే కుర్రాడు రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం కాలేజీకి వెళ్లొస్తాడు. వాళ్ల నాన్న కొబ్బరి వ్యాపారి, మేనత్త పాలకొల్లులో టీచరు. వాదన ఈ అక్కాతమ్ముళ్లది. నేను అక్క పక్షం, ముందే చెప్పేస్తున్నా.

అక్క: వాడు పంటు మీదుండగా వీడియో కాల్ చేసి, ఫోన్ చుట్టూ తిప్పి ఎవరెవరున్నారో చూపించమన్నావంట?

తమ్ముడు: అన్నాను, తప్పేంటి? కొబ్బరికాయలు దింపే రోజున నేను తోటలో లేకపోతే కాయల లెక్కే తగ్గుతుంది. చూసేవాడు లేకపోతే ఎవడైనా జారతాడక్కా. అసలే బెట్టింగ్ యాప్‌ల రోజులు.

అక్క: కాయల్ని లెక్కపెట్టినట్టు కొడుకుని లెక్కపెడుతున్నావు. వాడేం నేర్చుకున్నాడో చూశావా? మొన్న ఫ్రెండు సైకిలడిగితే, ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీశాడు, ఉన్న గీతలన్నీ కనబడేలా. ఒకటో తరగతి నుంచి కలిసి చదివిన వాళ్లురా! ఆ పిల్లాడు సైకిలొద్దని నడిచి పోయాడు. ఇంట్లో వీడి మాట ఎప్పుడు చెల్లింది గనక? ట్యూషన్‌కి వెళ్లానంటే మాస్టారికి ఫోను, మాస్టారు అవునంటే ఇంకో కుర్రాడి అమ్మకి ఫోను. కన్నతండ్రే నా మాట నమ్మనప్పుడు పైవాళ్ల మాట నేనెందుకు నమ్మాలన్నది వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

తమ్ముడు: మంచిదేగా. నాన్న ఊరందరినీ నమ్మాడు. పూచీ సంతకం పెట్టి కాలవగట్టు తోట పోగొట్టాడు.

అక్క: తోట పోయింది పూచీకి కాదు, నీ మొదటి వ్యాపారం అప్పుకి.

తమ్ముడు: నీ పెళ్లి ఖర్చు మాట ఎత్తవేం మరి?

(ఇక్కణ్ణుంచి తోట గొడవ చాలాసేపు నడిచింది, కట్నం లెక్కలు కూడా బయటికొచ్చాయి. అదంతా వదిలేస్తున్నాను.)

అక్క: స్వీడన్‌లో స్టాటిన్, కెర్ అని ఇద్దరు పరిశోధకులు పద్నాలుగేళ్ల పిల్లల మీద అధ్యయనం చేసి 2000లో రాశారు. పిల్లల గురించి తల్లిదండ్రులకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందేనట, కాపలా కాసి రాబట్టింది కాదు. నువ్వు ఫోన్ లాక్కుని చూసేది వాడు చెరిపెయ్యగా మిగిలిందే.

తమ్ముడు: దాచే పని లేని పిల్లలే అన్నీ చెబుతారు. దాచేవాడు నమ్మితే మాత్రం చెబుతాడా? నీ కూతురి ఫోను నువ్వు ఒక్కసారీ ముట్టుకోలేదు. హాస్టల్లో రాత్రిళ్లు ఏడ్చేదన్న సంగతి నీకెప్పుడు తెలిసింది? పరీక్షలయ్యాక.

అక్క: అది నిజమే. కానీ అడగొద్దని నేననలేదు. అడుగు, చెప్పింది విను, విన్నాక ఇంకో నలుగురికి ఫోన్ చేసి సరిచూడకు అంటున్నా.

తమ్ముడు: డీఎస్సీకి చదివేటప్పుడు నువ్వే కదా ఎరిక్సన్ అని ఎవరో మనస్తత్వవేత్త మాటలు బట్టీ పట్టావు, పిల్లల్లో నమ్మకం, అపనమ్మకం పుట్టేది మొదటి ఏడాదే అని. మరి ఇప్పుడు నేనేం చేసినా ఒకటేగా?

అక్క: సగమే విన్నావు. పునాది ఏడాదిలోపు పడుతుందన్నాడు గానీ ఆ తర్వాత ఇంకేం మారదనలేదు, ఇంకా ఏడు దశలు చెప్పాడు. ఈ వయసులో పిల్లలు నేనెవణ్ణని వెతుక్కుంటారు. నువ్వు పూటకోసారి అనుమానిస్తుంటే, నేను అనుమానించదగ్గవాణ్ణే కాబోలని వాడూ ఖాయం చేసుకుంటాడు. అబద్ధాలు అప్పుడు మొదలవుతాయి. వాడు ఆడేవాడే గనక ఎదుటివాడూ ఆడతాడనే అనుకుంటాడు, రేపు భాగస్వామినీ, పెళ్లాన్నీ ఆ కంటితోనే చూస్తాడు. నువ్వు ఇరవై ఏళ్లుగా మరదల్ని చీటీపాట డబ్బు దగ్గర ఎలా చూస్తున్నావో నాకు తెలీదా?

తమ్ముడు: ఆవిణ్ణెందుకు లాగుతావు మధ్యలోకి! అక్కా, వరదొస్తే పంటు ఆపేస్తారు. ఆ పూట వాడు ఏ ఒడ్డునున్నాడో నాకు తెలియక్కర్లేదా? నాకు వాడి మీద కాదు, గోదారి మీద అపనమ్మకం.

అక్క: అయితే గోదారి గురించే అడుగు. నీళ్లెలా ఉన్నాయిరా, పంటు నడుస్తోందా అను. పక్కనెవరున్నారని కెమెరా తిప్పించడం దేనికి?

తమ్ముడు: పక్కనెవరున్నారో తెలిస్తేనేగా, వీడు ఫోన్ ఎత్తనప్పుడు ఇంకొకడికి చేసేది!