బాబాయి క్లినిక్, అమ్మాయి కోర్టు

అమెరికాలో ఉంటున్న ఇద్దరి మధ్య వాదన ఇది. బాబాయి ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు, సొంత క్లినిక్ ఉంది. ఆయన అన్న కూతురు ఫెడరల్ ప్రాసిక్యూటర్. పెద్దవాళ్లకూ పేదలకూ వైద్యం ఖర్చు భరించే ప్రభుత్వ పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ సొమ్ము కాజేసినవాళ్ల మీద క్రిమినల్ కేసులు నడపడం ఆమె పని. ఈమధ్యే ఓ పెద్ద లా ఫర్మ్ పిలిచి ఉద్యోగం ఇస్తానంటే వద్దంది. మనుషులిద్దరూ కల్పితం. వాళ్ల నోట వచ్చే చట్టాలూ తీర్పులూ మాత్రం నిజమైనవే.

బాబాయి: అంత జీతం ఇస్తామంటే కాదన్నావట. ఎందుకు తల్లీ? జీవితమంతా డాక్టర్లను జైలుకు పంపుతూ కూర్చుంటావా?

అమ్మాయి: డాక్టర్లను కాదు బాబాయ్, దొంగలను. వాళ్లలో కొందరు డాక్టర్లు, అంతే. నా ఫైళ్లలో వైద్యం ఓనమాలు కూడా రానివాళ్లు బోలెడుమంది. 2019 ఏప్రిల్‌లో బయటపెట్టిన బ్రేసుల కేసు, అదే కీళ్లకు వేసుకునే పట్టీల కేసు, గుర్తుందా? కాల్ సెంటర్ నుంచి పెద్దవాళ్లకు ఫోన్ చేస్తారు, మోకాలికి బ్రేస్ ఉచితంగా పంపిస్తామంటారు. పేషెంటు మొహమైనా చూడని డాక్టరు ఆర్డరు మీద సంతకం పెడతాడు. కంపెనీ మెడికేర్‌కు బిల్లు పంపుతుంది. 120 కోట్ల డాలర్ల వ్యవహారం అది.

బాబాయి: అలాంటివాళ్లను పట్టుకో, నేనే వచ్చి దండ వేస్తా. నా బాధ వేరు. 2025 జూన్‌లో మీవాళ్లు 324 మంది మీద కేసులు, 1,460 కోట్ల డాలర్లు అని ప్రకటించారు. అది వినగానే జనం ఏమనుకుంటారు? అంత సొమ్మూ ఎవరి జేబుల్లోకో పోయిందనేగా. అది వేసిన బిల్లుల లెక్క, అందిన సొమ్ము కాదు. నేను వంద డాలర్లకు బిల్లు వేస్తే మెడికేర్ తన రేటు ప్రకారం ముప్పయ్యో నలభయ్యో ఇస్తుంది. నీకు తెలియనిదా?

అమ్మాయి: తెలుసు. అందుకే ప్రకటనలో "ఉద్దేశించిన నష్టం" అని రాస్తారు.

బాబాయి: ఆ ముక్క ఎవడు చదువుతాడు? పోనీ, పేపర్ల సంగతి వదిలెయ్. శిక్ష వేసేటప్పుడూ అదే వరస. శిక్ష ఎంత వెయ్యాలో జడ్జీలకు చెప్పే సెంటెన్సింగ్ గైడ్‌లైన్స్‌లో నష్టం పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. ప్రభుత్వ పథకానికి వేసిన బిల్లుల మొత్తాన్నే ఉద్దేశించిన నష్టానికి ప్రాథమిక సాక్ష్యంగా తీసుకోవచ్చంటారు. చేతికి రాని డబ్బుకు కూడా జైలేనా?

అమ్మాయి: ఇంతకుమించి రాదని ముందే తెలుసని ముద్దాయి చూపించుకోవచ్చు. అప్పుడు జడ్జి ఆ లెక్క తగ్గించవచ్చు.

బాబాయి: అంటే అది చూపించుకోవాల్సిన భారం వాడి మీదే.

అమ్మాయి: సరే, ఈ పాయింట్ మీదే. నన్నడిగితే అందిన సొమ్ముతోనే లెక్క మొదలుపెట్టాలంటాను. నన్ను ఎవరూ అడగలేదు.

(ఆమె ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. గెలుస్తున్నానన్న ఊపులో, బలమైన వాదన వదిలి, డాక్టర్లందరూ చేసే వాదనలోకి దిగాడు.)

బాబాయి: ఇక పొరపాట్ల సంగతి. 2024లో ప్రభుత్వం నేరుగా కట్టే మెడికేర్ చెల్లింపుల్లో 7.66 శాతం సరైనవి కావని తేల్చారు. అవన్నీ మోసాలు కావనీ, చాలావరకు కాగితాల లోపాలేననీ ప్రభుత్వమే అంటోంది. నోట్స్‌లో ఒక లైను రాయడం మర్చిపోతే ఆ విజిట్‌కు సరైన ఆధారం లేనట్టే! ఒక విజిట్‌కు 99213 అనే బిల్లింగ్ కోడ్ వెయ్యాలా, దానికంటే రేటు ఎక్కువున్న 99214 వెయ్యాలా అని రాత్రిపూట చార్టులు ముందేసుకుని నేను తేల్చుకోవాలి. ఈ కోడ్‌లు వేయడమే పనైన కోడర్లను ఇద్దర్ని అడిగితే రెండు జవాబులు వస్తాయి. దీనికి పదేళ్ల జైలు అంటే ఆ టెన్షన్‌తో వైద్యం ఎలా చేస్తాం?

అమ్మాయి: ఆ రెండు కోడ్‌ల మధ్య తేడా మీద కేసు పెడదామని తీసుకెళ్తే మా పైవాళ్లే నవ్వుతారు. వైద్య బిల్లుల మోసాలకు 1996లో వచ్చిన సెక్షన్ 1347 ప్రకారం తెలిసి, కావాలని మోసం చేశాడని నేను రుజువు చేయాలి. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా, పన్నెండు మంది జ్యూరర్లూ ఒప్పుకునేలా.

బాబాయి: 2010లో ఆ సెక్షన్‌ని సడలించారుగా?

అమ్మాయి: ఆ చట్టం ఒకటుందని ముద్దాయికి తెలియక్కర్లేదన్నారు. చేస్తున్నది మోసమని తెలియక్కర్లేదని ఎవరూ అనలేదు. అదెలా రుజువు చేస్తానో చెబుతా వినండి. సైకోథెరపీలో 90837 అని గంటసేపటి సెషన్‌కు వేసే కోడ్ ఉంది. ఒక థెరపిస్టు పేరు మీద ఒకే తేదీన వేసినవన్నీ కూడితే 31 గంటలు వచ్చాయనుకోండి. అప్పుడే కేసు పెట్టను. తేదీ తప్పు పడి ఉండొచ్చు, ఆ పేరు మీద ఇంకొకరు చూసి ఉండొచ్చు. అపాయింట్‌మెంట్ల షెడ్యూలు తెప్పిస్తాం. ఆ రోజు ఆయన వేరే రాష్ట్రంలో ఉన్నట్టు క్రెడిట్ కార్డు చెబుతుంది. చార్టులు తెరిస్తే ఒక పేషెంటు నోట్స్‌కీ మరొకరి నోట్స్‌కీ అక్షరం తేడా ఉండదు, మగవాళ్ల చార్టులో కూడా "ఆమె నిద్ర మెరుగుపడింది" అని ఉంటుంది. ఇవన్నీ దాటాక ఎక్కడో ఒక టెక్స్ట్ మెసేజ్ దొరుకుతుంది. "ఈయన ఇవాళ రాలేదు, వెయ్యాలా?" అని బిల్లింగ్ చేసే మనిషి అడుగుతుంది. "వెయ్యి" అని జవాబు. బాబాయ్, ఆ రెండక్షరాలే నా కేసు. మిగతా పెట్టెల కొద్దీ కాగితాలు దాని వెనకాల నిలబడతాయి.

బాబాయి: ఆ మెసేజ్ లేకపోతే?

అమ్మాయి: చాలాసార్లు మూసేస్తాం. లేదా సివిల్ వాళ్లకు అప్పజెబుతాం. మూసేసిన ఫైళ్ల మీద ఎవరూ ప్రెస్ మీట్ పెట్టరు కాబట్టి అవి మీదాకా రావు.

బాబాయి: సివిల్ అంటే తేలికా! అంతర్యుద్ధంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం లింకన్ కాలంలో, 1863లో చేసిన చట్టం తెచ్చి మా మీద పెడతారు. నష్టానికి మూడింతలు, ఆపైన ఒక్కో క్లెయిముకూ విడిగా జరిమానా. రోజుకు నేను వేసే క్లెయిములెన్నో లెక్కపెట్టుకో. పైగా మా ఆఫీసులో మనిషే ప్రభుత్వం తరఫున రహస్యంగా దావా వేసి, వసూలైనదాంట్లో 15 నుంచి 30 శాతం పట్టుకుపోవచ్చు.

అమ్మాయి: ఆఫీసులో మనిషి నోరు విప్పకపోతే మిషిగన్‌లో ఫరీద్ ఫాటా ఇంకెన్నాళ్లు సాగించేవాడో. క్యాన్సర్ లేనివాళ్లకు కూడా కీమో ఎక్కించాడు. కోర్టు లెక్కలో బాధితులు 553 మంది. 2013లో అరెస్టయ్యాడు, 2015లో 45 ఏళ్లు పడ్డాయి. బయటపెట్టింది అతని క్లినిక్ మేనేజరే.

బాబాయి: ఆ పేరెత్తితే మాకెవరికీ నోరు లేవదు. అందుకేగా ప్రతి వాదనలోనూ అతణ్ని లాక్కొస్తారు!

అమ్మాయి: అతణ్ని పక్కన పెడదాం. హాస్పిస్ తీసుకోండి, చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు బాధ తగ్గించే సేవ. ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టర్లు సర్టిఫై చేస్తేనే అందులో చేర్చాలి. ఎవరో ఇంటికొచ్చి "నర్సు వస్తుంది, అంతా ఉచితం, ఇక్కడ సంతకం పెట్టండి" అంటారు. నిక్షేపంలా తిరుగుతున్న పెద్దావిడ పెడుతుంది. అందులో చేరాక, వాళ్లు రాసిన ఆ జబ్బు నయం చేసే వైద్యానికి మామూలు మెడికేర్ డబ్బివ్వదు. ఆ సంగతి ఆమెకు తెలిసేది మీలాంటి డాక్టరు పంపిన క్లెయిము తిరిగొచ్చినప్పుడే. సాక్ష్యం చెప్పమని కూర్చోబెడితే ఆమె నన్నడిగేది డబ్బు గురించి కాదు. "అయితే నేను చచ్చిపోవడం లేదా?" అని.

బాబాయి: మరి అదంతా డబ్బు ఇచ్చే ముందే చూసుకోరేం? సరిగ్గా నింపిన క్లెయిముకు 30 రోజుల్లో చెల్లించేసి, తర్వాత ఏళ్ల తరబడి వెంటపడతారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

అమ్మాయి: ఆపడం మొదలుపెడితే ముందు గగ్గోలు పెట్టేది మీరే. ప్రతి క్లెయిమూ ముందే తనిఖీ చేస్తే మీ స్టాఫ్‌కు జీతాలెక్కణ్నుంచి ఇస్తారు? ఆపగలిగింది ఆపుతున్నారు కూడా. మీరు తిట్టిన ఆ 2025 ప్రకటనలోనే ఉంది, 400 కోట్ల డాలర్లకు పైగా చెల్లించకుండా ఆపామని.

బాబాయి: నాకు భయం జైలు కాదమ్మా. ఇలాంటి నేరం రుజువైతే కనీసం ఐదేళ్లు మెడికేర్ నుంచి వెలి. నా పేషెంట్లలో సగం మంది మెడికేర్ వాళ్లే, క్లినిక్‌కు తాళం పడ్డట్టే. ఫెడరల్ కోర్టుల్లో నూటికి తొంభై మంది దాకా నేరం ఒప్పేసుకుంటున్నారు. అంతా దొంగలేనా, కొందరు హడలిపోయినవాళ్లా?

అమ్మాయి: కొందరు హడలిపోయినవాళ్లే. కాదనను. అందుకే అభియోగపత్రం రాసేముందు అవతలి లాయరు నా సాక్ష్యాన్ని ఎలా చీల్చుతాడో నేనే చీల్చి చూసుకుంటాను. ముద్దాయికి పనికొచ్చే ముఖ్యమైన సాక్ష్యం మా దగ్గరుంటే దాచకుండా ఇవ్వాలని 1963లో బ్రేడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో రువాన్ కేసులో ఇంకో మాటంది. మత్తుమందుల ప్రిస్క్రిప్షన్ కేసుల్లో, తాను హద్దు మీరుతున్నట్టు డాక్టరుకు తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలని. మా పని కష్టమైంది. అది కష్టంగానే ఉండాలి.

బాబాయి: బాగానే మాట్లాడతావు. సరే, ఒక్కటి చెప్పు. పోయిన వారం మా బిల్లింగ్ అమ్మాయి పాత క్లెయిములు చూస్తోంటే, ఒకే ఇంజెక్షన్‌కు రెండుసార్లు...

అమ్మాయి: ఆగండి. ఇంకొక్క ముక్క కూడా నాతో చెప్పకండి.

బాబాయి: అదేంటే! సొంత బాబాయిని.

అమ్మాయి: సొంత బాబాయి కాబట్టే. నేను ప్రభుత్వ లాయర్ని, మీ లాయర్ని కాను. మీరు నాతో చెప్పింది రహస్యంగా ఉండదు. అదనంగా వచ్చిన సొమ్ము తేలితే 60 రోజుల్లో చెప్పి తిరిగి ఇచ్చెయ్యాలి. అది ఎవరికైనా ఒకటే రూలు. విచారించుకోవడానికి గడువు ఎలా దొరుకుతుందో మీ లాయరు చెబుతాడు.

బాబాయి: లాయరెవరు? ఎవరైనా మంచివాణ్ని చెప్పు.

అమ్మాయి: పేరు కూడా నన్నడగొద్దు. రేపు పొద్దున్నే వెతుక్కోండి. ఆ పాత క్లెయిముల్లో ఎవరూ ఏదీ దిద్దకూడదు, చెరపకూడదు.

బాబాయి: అయితే ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేస్తా. ఏమైందో తర్వాత నీకు...

అమ్మాయి: నాకు వద్దు బాబాయ్.