కనుమకు తారురోడ్డు పడనివ్వరాదు

సాలూరు ఘాటీ ఎక్కి సుంకి దాటి పొట్టంగి వైపు వెళ్తుంటే, పొద్దున్నే బయలుదేరినవారు భోజనం వేళకు కనుమ చేరి దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చెయ్యగల నిట్టనిలువు కాలిదారులు ఆ కొండల్లో ఇంకా కొన్ని మిగిలి ఉండడం, ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, జయపురాల్లో స్థిరపడిన మన తెలుగువారు చేసుకున్న పుణ్యం. ఆ పుణ్యం కరిగిపోయే రోజులు వచ్చాయి. కొండ మీది ఊళ్లవాళ్లు రోడ్డు అడుగుతున్నారు.

రోడ్డు పడితే కొండకు ఏ గతి పడుతుందో తెలియనివారు దేవమాలికి వెళ్లి చూడవచ్చు. 1672 మీటర్లతో ఒడిశాకంతటికీ ఎత్తైన శిఖరమది. ఇప్పుడు దాని మీద చెమట పట్టాలంటే కారులో ఏసీ కట్టేసుకోవడం తప్ప మరో మార్గం లేదు.

ఎత్తు ఎక్కడమనేది శాస్త్రం. దారి పొడవు సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట వేసుకోవాలని స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే సూత్రం కట్టాడు. ఉప్మా పొట్లాలు విప్పడానికి, మలుపు మలుపుకూ ఫోటోలు దిగడానికి, మోకాళ్ల గురించి పరస్పరం పరామర్శించుకోవడానికి పట్టే సమయాన్ని పాపం ఆయన లెక్కలోకి తీసుకోలేదు గనుక, మనవాళ్లు ఆ సూత్రం ప్రకారం ఎప్పుడూ ఆలస్యమే.

ఈ శాస్త్రాన్ని లక్ష్యపెట్టనివారితోనే అసలు చిక్కు. సంతకు వెళ్లే ఆదివాసీ స్త్రీ ఒకామె నెత్తిన కొండచీపుర్ల మోపు, చంకలో బిడ్డతో ఎదురైనప్పుడు, చేతికొక కర్ర, వీపున నీళ్ల గొట్టం ఉన్న సంచి ధరించిన మన పెద్దమనుషులకు ఆమే దారి తొలగి నిలబడుతుంది. చెప్పులు కాళ్లకు ఉండవు. రాళ్ల మీద అరిగిపోతాయని మోపులో దోపుకొని, తారురోడ్డు తగిలాక తొడుక్కుంటుంది. అంత బరువుతో నడుస్తూ కూడా వెనక వచ్చే చెల్లెలితో ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెబుతుంది. ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని, ఎక్కేవారి మనోధైర్యాన్ని దెబ్బతీస్తుందని వేరే చెప్పనక్కరలేదు. ఆదివారాల్లోనైనా వీళ్లు తెల్లవారకముందే కొండ దాటిపోవాలని కోరదామనుకుంటే, వాళ్లు రోజూ చేస్తున్నది అదేనట.

ఇంతకన్నా పెద్ద ముప్పు ప్రభుత్వాల నుంచి ఉంది. ఇక్కడి కొఠియా గ్రామాలు తమవంటే తమవని ఆంధ్రప్రదేశ్, ఒడిశా తగవులాడుకుంటున్న సంగతి, 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన ఆ తగవులో యథాతథ స్థితి కొనసాగాలని ఆదేశం వచ్చిన సంగతి, 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కలిసి అధికారుల కమిటీ వేద్దామనుకున్న సంగతి పత్రికలు చదివేవారికి తెలుసు. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల రేషను కార్డులు ఉండడం వల్ల మనకు నష్టమేమీ లేదు. అయితే తగవు ముదిరి, ఒకరి మీద పోటీకి మరొకరు రోడ్లు వెయ్యడం మొదలుపెడితే, ఎక్కడానికి మనకంటూ ఏం మిగులుతుంది? కనుక యథాతథ స్థితి అనే ఆ చక్కని సూత్రాన్ని సరిహద్దుకే పరిమితం చేయకుండా కొండవాలుకు కూడా వర్తింపజేయాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రోడ్డు లేకపోతే గర్భిణులను, జ్వరపడ్డవారిని డోలీ కట్టి మోసుకురావలసి వస్తోంది కదా అని కొందరు అడుగుతారు. డోలీని ఇంత చిన్నచూపు చూడడం తగదు. ఒక వెదురు బొంగు, ఒక పాత దుప్పటి, భుజాలు మార్చుకుంటూ నడిచే నలుగురు మనుషులు ఉంటే చాలు. ప్రవేశ రుసుము లేదు, వానాకాలం సెలవు లేదు, రాత్రిపూట కూడా ఆడవచ్చు. పైగా ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లకు ఎక్కువ భారమని అనుభవజ్ఞులందరూ ఒప్పుకునే విషయం. రెండు కర్రల ఊతతో సొంత శరీరమొక్కటే కిందికి చేర్చలేక మనం అవస్థ పడుతున్న వాలులోనే, మనిషిని మోస్తూ పరుగున దిగే ఇంతటి నైపుణ్యం ఒక్క తారురోడ్డుతో అంతరించిపోవడం ఎవరికి ఇష్టం? మోసుకొస్తున్నవారికి ఇష్టమేనని తెలిసింది గానీ, వారికి దూరదృష్టి తక్కువ.

ఇక దారి బాగోగుల విషయం. వానలు వెలిశాక తుప్పలు కొట్టేదీ, జారిపోయిన రాళ్లను తిరిగి మెట్లుగా సర్దేదీ ఆ ఊళ్లవాళ్లే. మనం కనుమ మీద వదిలివచ్చే చిప్స్ పొట్లాలను ఏరేదీ వాళ్లే కావచ్చు, వచ్చే వారానికి అవి అక్కడ కనిపించవు. ఆ సేవ ఇకముందూ కొనసాగించవలసిందిగా వారిని కోరుతూ, ఈసారి రాళ్లు సర్దేటప్పుడు సగం దారిలో, ఆయాసం మొదలయ్యే మలుపు దగ్గర, కూర్చోవడానికి ఒక బల్లరాయి కూడా వేయవలసిందిగా మనవి. నీడలో వేస్తే మరీ మంచిది.