లా పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువా? ఇదెక్కడి న్యాయం!

పీహెచ్‌డీలో చేరినవాళ్లు ఆరేళ్లలోగా థీసిస్ ఇచ్చెయ్యాలని 2022లో యూనివర్సిటీల మీద పెత్తనం చేసే యూజీసీ నిబంధన పెట్టింది. మరీ తొందరున్నవాళ్లు మూడేళ్లకే ఇచ్చుకోవచ్చు. రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకైతే ఆపైన మరో రెండేళ్లు. ఇది రాసిన పెద్దలెవరోగానీ, వాయిదా కోసం కోర్టు వరండాలో నిలబడిన అనుభవం మాత్రం వాళ్లకు లేదు. ఫిజిక్సుకో కెమిస్ట్రీకో ఆరేళ్లు చాలితే చాలనివ్వండి. లాకు అదే గడువు పెట్టడం సంప్రదాయాన్ని అవమానించడమే.

చట్టాన్నే అడుగుదాం. చేతికొచ్చిన డిక్రీని, అంటే కోర్టు తీర్పును, అమలు చేయించుకోవడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం 12 ఏళ్లు ఇస్తుంది. గెలిచి కూర్చున్నవాడికే అంత తీరికిచ్చి, ఏం రాయాలో ఇంకా తేలనివాడిని ఆరేళ్లకే తరిమేస్తారా? దావా మధ్యలో వాది కన్నుమూస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 22 కింద వారసులను రికార్డు మీదికి తెస్తారు. పీహెచ్‌డీకి ఆ సదుపాయం లేదు. నాన్న మూడో అధ్యాయంలో వదిలేసిన వాక్యాన్ని కొడుకు పూర్తిచేసే వీలు కల్పిస్తే కర్నూలులో వీధికో డాక్టరేట్ కుటుంబం ఉండేది.

ఈ విషయంలో మా ఊరికి మాట్లాడే అర్హత ఉంది. రాజధానో హైకోర్టో, ఏది కావాలో రాయలసీమే కోరుకోవచ్చని 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మరుసటేడాది హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956 నాటికే రెండూ హైదరాబాదు చేరాయి. 2019లో రాష్ట్రానికి వేరే హైకోర్టు వచ్చింది, అమరావతిలో కూర్చుంది. 2020లో కర్నూలే న్యాయ రాజధాని అన్నారు, మరుసటేడాది ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు కర్నూలుకు హైకోర్టు బెంచి వస్తుందంటున్నారు. ఇన్ని దశాబ్దాలుగా సినాప్సిస్ (ఏం చేస్తామో చెప్పే ముందస్తు కాగితం) దాటని పరిశోధన దేశంలో ఇంకోటుందా? దానికి ఏ యూజీసీ అయినా గడువు పెట్టిందా?

ఇక టాపిక్ సంగతి. కొత్తగా చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీని గురించి అనవసరంగా టెన్షన్ పడుతుంటారు. ‘సత్వర న్యాయం పొందే హక్కు: ఒక విమర్శనాత్మక పరిశీలన’ అని రాసుకుని, చివర ‘కర్నూలు జిల్లాకు ప్రత్యేక ప్రస్తావనతో’ అని తగిలిస్తే సరి. ఆ తోక లేకపోతే మీ థీసిస్సుకూ అనంతపురంలో దాఖలైన థీసిస్సుకూ తేడా తెలియక, థీసిస్సులన్నీ దాచిపెట్టే శోధ్‌గంగ వెబ్‌సైటే తికమకపడుతుంది. ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ విచారించకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11 చెబుతుంది. అది యూనివర్సిటీలకు వర్తించదు కాబట్టి సరిపోయింది. వర్తిస్తే సగం డిపార్ట్‌మెంట్లకు తాళాలే.

కాపీ భయమూ వద్దు. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదని 2018 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. పైగా చట్టాల పాఠాన్ని ఆ లెక్కలోంచే మినహాయించారు! లా విద్యార్థికి ఇంతకు మించిన వరం ఏముంది? రెండో అధ్యాయంలో చట్టం మొత్తం ఎత్తి రాసేయవచ్చు. అందులో పరిశోధన ఏదని అడిగితే, ఫుట్‌నోట్లు చూడమనాలి.

గైడుగారి కింద ఎనిమిది మంది దాకా ఉండొచ్చు, ఆయన ప్రొఫెసరైతే. అందుకే ఆయన సంతకం దొరకడం తీర్పు దొరికినంత పని. విచారణలో ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని ఆర్డర్ 17 అంటుంది. సార్ మీటింగులో ఉన్నారు, సార్ క్యాంపులో ఉన్నారు, సార్ భోజనానికి పోయారు. అప్పటికే మూడూ అయిపోయాయి. ఆర్డర్ 17కు కోర్టులోనే అంత విలువ లేనప్పుడు డిపార్ట్‌మెంటులో ఆశించడం అత్యాశ.

అన్నిట్లోకీ ఘనమైనది ఫీల్డ్ వర్క్. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద టిఫిన్ బాక్సు విప్పుకుంటున్న ఓ పెద్దాయన ముందు మన స్కాలర్ ప్రశ్నావళితో కూర్చున్నాడు. పొలం గట్టు తగాదాట. ‘న్యాయవ్యవస్థ వేగం పట్ల మీ సంతృప్తి స్థాయి ఎంత? పూర్తిగా, కొంతవరకు, చెప్పలేను’ అని చదివాడు. ఆయన కాగితాన్ని ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూశాడు.

“ఇది నింపితే నా కేసు బిన్నా తేలుతుందా సామీ?”

“లేదు పెద్దాయనా, ఇది రీసెర్చికి.”

“ఎన్నేండ్ల నుంచి చేస్తాండావు?”

“ఐదేళ్లు.”

“మరి నీకే తేల్లేదు కదప్పా,” అని ఆయన జాలిపడి, ఉగ్గాని పొట్లం ముందుకు జరిపాడు. బజ్జీ కూడా ఇచ్చాడు. మనవాడు తిని, ‘చెప్పలేను’ దగ్గర టిక్కు పెట్టుకున్నాడు. థీసిస్ మొత్తంలో నాకు నమ్మకం కలిగిన డేటా ఇదొక్కటే.

చివరి మౌఖిక పరీక్ష అయిన వైవా నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పరిశోధనలో ఏం తేలిందని అడిగారు. కేసులు ఆలస్యమవుతున్నాయని తేలిందన్నాడు. పరిష్కారం? జడ్జీల ఖాళీలు నింపాలి, ఫాస్ట్ ట్రాక్ కోర్టులు పెట్టాలి. ఎగ్జామినర్ ముఖం వెలిగిపోయింది. ఆయన థీసిస్సులోనూ అవే సూచనలట. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు.

మర్నాడు సీనియర్ లాయరుగారి ఆఫీసులో స్వీట్లు పంచాడు. సీనియర్ లడ్డూ నోట్లో వేసుకుని, చేతులు తుడుచుకుని, బీరువా మీదున్న కట్టొకటి కిందికి లాగారు.

“సంతోషం డాక్టరుగారూ. ఇగో, ఆ గట్టు తగాదా కేసు ఈ పొద్దే ఉంది. నాకు ఒంట్లో బాలేదని చెప్పి వాయిదా తీసుకోని రాపో.”