గుడ్డు దాటని మందు

పొదిగిన కోడిగుడ్డులో నాలుగు రక్తనాళాలు సన్నబడితే కాన్సర్‌కు మందు దొరికినట్టేనా? నేలవేము సారంపై వరంగల్‌లో జరిగిన ప్రయోగం చుట్టూ సాగుతున్న ఊదర చూస్తే అలాగే ఉంది. ప్రయోగం ఇంకా గుడ్డు దాటలేదు. ప్రచారం మాత్రం కాన్సర్ మందంటూ హన్మకొండ మూలికల దుకాణాల బోర్డులకు ఎక్కేసింది.

కొత్త రక్తనాళాలను అడ్డుకుంటే కణితి ఎదుగుదల ఆగుతుందని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించింది 1971లో. ఆ దారిలో బెవాసిజుమాబ్ అనే కాన్సర్ మందుకు అమెరికా అనుమతి దక్కింది 2004లో. మనవాళ్లకు పది రోజుల గుడ్డు చాలింది.

గుడ్డు పరీక్షను తప్పుపట్టడం లేదు. చవక, త్వరగా తేలుతుంది. ఫలదీకరించిన గుడ్లను 37.5 డిగ్రీల వద్ద పొదిగిస్తారు. మూడో రోజు సిరంజితో 2, 3 మిల్లీలీటర్ల తెల్లసొన లాగి, నాళాలుండే లోపలి పొర పెంకును వదిలి దిగేలా చేసి, చిన్న కిటికీ కోసి టేపు వేస్తారు. ఎనిమిదో రోజు సారం అద్దిన బిళ్లను పొరపై ఉంచి, 48 నుంచి 72 గంటల తర్వాత నాళాల కొమ్మలు లెక్కపెడతారు. చెడేదీ ఇక్కడే. పెంకు పొడి రాలిందా, పొర వాచి నాళాలు వాటంతటవే అల్లుకుంటాయి. సారాన్ని కరిగించిన ద్రావణి, అంటే ఆల్కహాలో, డీఎంఎస్‌ఓ అనే రసాయనమో ఎక్కువైందా, పొర మాడి నాళాలు చస్తాయి. ఆ చావు మూలిక ఖాతాలో పడుతుంది. అందుకే ఉత్త ద్రావణి అద్దిన గుడ్లు, ఏమీ అద్దనివి, నాళాలను ఆపుతుందని ముందే రుజువైన మందు అద్దినవి పక్కనే ఉండాలి. ఏ గుడ్డుకు ఏం అద్దారో తెలియని మనిషి లెక్కపెట్టాలి. మధ్యలో చచ్చిన గుడ్లెన్నో కూడా చెప్పాలి. వరంగల్ ప్రయోగం నుంచి బయటికొచ్చిన ఫోటోలో ఉన్నవి రెండే గుడ్లు, సారం పెట్టినదీ పెట్టనిదీ. ద్రావణి గుడ్డేదీ?

స్థానిక పరిశోధనను నిరుత్సాహపరచొద్దని, ఏటూరునాగారం అడవి మూలికలకు విలువ రావాలని కొందరి వాదన. రావలసిందే. కానీ రెండు గుడ్ల ఫోటోను ఈసారి రుజువుగా ఒప్పుకుంటే రేపు తిప్పతీగను, ఎల్లుండి సీతాఫలం ఆకును ఏ నోటితో కాదంటాం? ప్రతి పసరుకూ ఇదే ఫోటో సర్టిఫికెట్ అవుతుంది.

పైగా నాళాలను ఆపడం ఆషామాషీ కాదు. గాయం మానాలన్నా, కడుపులో బిడ్డ ఎదగాలన్నా అవే ఆధారం. కడుపులోని శిశువుల అవయవాలను చిదిమి 1961లో జర్మనీ మార్కెట్ నుంచి వెనక్కు పోయిన థాలిడోమైడ్ అనే మందుకు నాళాలను ఆపే గుణముందని 1994లో తేలింది. బెవాసిజుమాబ్‌ను ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందే ఆపేస్తారు. ఈ సారం నిజంగా పనిచేస్తే గర్భిణికి గండం. పనిచేయకుంటే కాన్సర్ రోగికి మోసం. దీన్ని సీసాలో పోసి అమ్ముతారా?

మూలికను మందుగా మార్చే దారి మూసుకుపోలేదు. శుద్ధిచేసిన సారంలో కనీసం 4 రసాయనాల పాళ్లు తేల్చి, భద్రత నిరూపించి, మనుషులపై పరీక్షించాలని 2015 నుంచి నిబంధన ఉంది. కాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను, మందుల ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టమే నిషేధించింది. ఈ ఒక్క బోర్డును చూసీచూడనట్టు వదిలేస్తే ఆ చట్టం పక్క దుకాణానికీ వర్తించదు. ప్రయోగం చేసినవారు ద్రావణి గుడ్ల లెక్క బయటపెట్టాలి, లేదంటే మాట వెనక్కు తీసుకోవాలి. ఔషధ నియంత్రణ అధికారులకు చట్టం చదివే తీరిక లేకపోతే పోనీ, నడిరోడ్డు మీది బోర్డు చదవడానికీ తీరిక లేదా?